తేలు పచ్చబొట్టు, అతికిన మోచేయి

1967. బీదర్ అప్పటికి మైసూరు రాష్ట్రంలో ఉంది. కర్ణాటక అన్న పేరు రావడానికి ఇంకా ఆరేళ్ళు. నేను అక్కడ ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. నిజాం జమానాలో ఉర్దూలో చదువుకుని, హైదరాబాదులో పని నేర్చుకుని, రాష్ట్రాలు విడగొట్టినప్పుడు మైసూరు సర్కారు కిందికి వచ్చినవాణ్ణి. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసు కాగితాల మీద కన్నడం. ఆసుపత్రి పేరు రాయను. ఈ సంగతిలో తప్పు ఆ గోడలది కాదు, చాలామటుకు నాది.

ఎక్స్‌రే గది లోపలి పని చూసినవాళ్ళు తక్కువ కాబట్టి రెండు మాటలు చెప్పాలి. మాకు ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో యంత్రం, బల్ల, నేను నిలబడే సీసపు తెర. రెండోది డార్క్‌రూమ్, అంటే ఎర్ర బల్బు తప్ప వేరే వెలుతురు లేని గది. అందులో మూడు తొట్లు. రేకు డబ్బీ లాంటి క్యాసెట్‌లో ఫిల్ము పెట్టి, దాని మీద చెయ్యో కాలో ఉంచి, మీట నొక్కి, ఆ ఫిల్మును తెచ్చి డెవలపర్‌లో ముంచితే ఎముక తెల్లగా పైకి తేలుతుంది. హైపో అనే రెండో తొట్టిలో ముంచితే నిలిచిపోతుంది. మూడోది కడిగే నీళ్ళు. ఎన్నేళ్ళు చేసినా, ఆ ఎర్ర వెలుతురులో ఎముక బయటపడే క్షణం నాకు పాతబడలేదు. మా ఇంట్లో పూజగది లేదు. ఉన్నదల్లా అదే.

ఇక ఎముకల సంగతి. చిన్నపిల్లల్లో పొడుగాటి ఎముక ఒక్క ముక్కగా ఉండదు. నడిమి కాడ వేరు, కొన మీద టోపీలాంటి ముక్క వేరు. ఆ టోపీని ఎపిఫిసిస్ అంటారు. రెండింటి మధ్య మెత్తని మృదులాస్థి పలక ఉంటుంది. ఎముక పొడుగు సాగేది అక్కడే. మృదులాస్థి ఫిల్ము మీద కనబడదు కాబట్టి అక్కడ నల్లటి సందు కనిపిస్తుంది. వయసు వచ్చేకొద్దీ ఒక్కొక్క కీలు దగ్గర ఒక్కొక్క వయసులో ఆ సందు మూసుకుపోయి టోపీ కాడకు అతుక్కుంటుంది. ఆడపిల్లల్లో మోచేయి సుమారు పద్నాలుగు దగ్గర, మణికట్టు పదహారు పదిహేడు దగ్గర, తుంటి ఎముక పైఅంచు పద్దెనిమిది దాటాక. ఏడాది రెండేళ్ళు అటూ ఇటూ. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టుకోని ఊళ్ళలో వయసు గొడవ వస్తే కోర్టులు మమ్మల్ని అడిగేవి. మేము మోచేయి, మణికట్టు, తుంటి, మూడు ఫిల్ములు తీసి డాక్టరు ముందు పెడితే ఆయన వయసు పత్రం రాసేవాడు.

అప్పట్లో మాకొక చర్చా సంఘం ఉండేది. ఆదివారం సాయంత్రాలు ఒక గ్రంథాలయం మేడ మీద పదిహేను ఇరవై మంది కూడేవాళ్ళం. దేవుడు, కులం, జాతకం, గ్రహణం, ఏదీ వదిలేవాళ్ళం కాదు. నోరున్నవాణ్ణని నన్ను ముందు కూర్చోబెట్టేవారు. ఒక ఆదివారం ఒక జ్యోతిష్కుడు వాదానికి వచ్చాడు. నేను రెండు ఫిల్ములు పట్టుకుపోయాను. ఒకటి ఆరేళ్ళ పిల్లవాడి చెయ్యి, ఒకటి పెద్దవాడి చెయ్యి. కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, "నక్షత్రాన్ని అడిగితే పంతులు జవాబు చెబుతాడు. ఎముకను అడిగితే ఎముకే చెబుతుంది. దానికి దక్షిణ అక్కర్లేదు, అబద్ధం రాదు" అన్నాను. చప్పట్లు మోగాయి. జ్యోతిష్కుడు చెప్పులు వెతుక్కున్నాడు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టిందని ఒప్పుకోవాలి.

అందరూ దిగిపోయాక ఒకాయన మిగిలాడు. శంకరయ్య, బజార్లో దర్జీ. నా చొక్కాలు అతనే కుట్టేవాడు.

"సార్, జెర ఒక్క మాట. ఆడిపోరి ఉమరు గూడ గిట్లనే తెలుస్తదా?"

"తెలుస్తుంది. ఎందుకు?"

"నా చెల్లె బిడ్డ. మాణెమ్మ. జనవాడ ఊర్ల ఉంటది. చెల్లె సచ్చి మూడేండ్లాయె. మా బావ నాగప్ప ఇప్పుడు పోరికి లగ్గం ఖాయం జేసిండు. పెండ్లికొడుకు ఖటక్ చించోళి దిక్కు. చెరుకు తోటలున్నోడు, మొదటి పెండ్లాం సచ్చినోడు. ఆయన పెద్దకొడుక్కే మీసాలొచ్చినయి సార్."

"పిల్లకు ఎన్నేళ్ళు?"

"పన్నెండు. బావ పదారంటుండు. ఊర్ల పెద్దలు గూడ పదారే అంటున్రు. పెద్దమనిషి కాకముందే చేతుల పెడితే పుణ్యమట. ఎవలకు పుణ్యం సార్?"

అప్పటి చట్టం ప్రకారం ఆడపిల్ల పెళ్ళికి పదిహేనేళ్ళు నిండాలి. నిండలేదని ముందే అర్జీ పెడితే పెళ్ళి ఆపే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఆ మాట చెప్పాను.

"నా మాట ఎవరింటరు? కాయిదం లేదు, గవాయి లేదు."

"సాక్ష్యం ఆ పిల్ల చేతిలోనే ఉంది శంకరయ్యా. మోచేతిలో" అన్నాను. నా వాక్యం నాకే నచ్చింది. అక్కడే కూర్చుని అర్జీ నేనే రాసిచ్చాను.

అర్జీ పనిచేసింది. పెళ్ళి నిలిపి, పిల్ల వయసు తేల్చమని కోర్టు మాకు కాగితం పంపింది. అందులో మనిషిని పోల్చుకోవడానికి గుర్తు రాశారు: కుడి ముంజేతి లోపలి వైపు తేలు ఆకారపు పచ్చబొట్టు.

ఇప్పుడు మా గది పద్ధతి ఒకటి చెప్పాలి. ఆడవాళ్ళు ఎక్స్‌రేకు వస్తే నేను సీసపు తెర వెనక్కి వెళ్ళిపోయేవాణ్ణి. ఆయా బాలమ్మ వాళ్ళను బల్ల మీదికి తెచ్చి, చెయ్యి ఎట్లా పెట్టాలో, నడుము ఎట్లా తిప్పాలో సర్దేది. కొంగు ముఖం మీద ఉంటే ఉండనిచ్చేవాళ్ళం. పరాయి మగవాడు ముట్టుకోడు, మొహం చూడడు అన్న పేరు వచ్చాకే పల్లెల ఆడవాళ్ళు మా గదిలోకి రావడం మొదలుపెట్టారు. అంతకుముందు కాలు విరిగినా నాటుకట్టు వేసుకుని కుంటివాళ్ళయ్యేవారు గాని లోపలికి వచ్చేవారు కాదు. ఆ పద్ధతి పెట్టింది నేనే. సంస్కారం అనుకున్నాను.

ఆ రోజు నాగప్ప పిల్లను వెంటబెట్టుకొచ్చాడు. తోడు వచ్చిన పోలీసు జవాను ఆ ఊరివాడు కాదు. అతనికి ఆ ఇంట్లో ఎవరు ఎవరో తెలియదు. నాగప్ప ఎవరిని చూపిస్తే వాళ్ళను తీసుకొచ్చాడు. నిండా కొంగు కప్పుకున్న మనిషి, కొంచెం వంగి, నేల చూస్తూ లోపలికి వచ్చింది.

"చెయ్యి చూపించమను" అన్నాను తెర వెనక నుంచి. బాలమ్మ ఆ ముంజేయి తిప్పి పట్టుకుంది. తెర పక్కనుంచి తొంగి చూశాను. లోపలి వైపు పచ్చగా తేలు. తోక పైకి తిరిగి ఉంది. కాగితంలో ఉన్నట్టే. 'గుర్తు సరిచూడడమైనది' అన్న గీత మీద సంతకం పెట్టాను.

మొదటి ఫిల్ము తీశాక బాలమ్మ తెర దగ్గరికి వచ్చింది. "సారూ, ఈ పిల్ల..." అంది.

"మోచేయి పక్కకు జరిగింది బాలమ్మా. ముందు అది సరిచెయ్యి. మాటలు తర్వాత."

ఆమె వెళ్ళి మోచేయి సరిచేసింది. తర్వాత నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

డార్క్‌రూమ్‌లో ఫిల్ములు డెవలపర్‌లోకి దించి చూస్తూ నిలబడ్డాను. మోచేయి తేలింది. సందు లేదు. ఎక్కడా లేదు. నాలుగు ముక్కలుగా ఉండాల్సిన కీలు నున్నగా, నిండుగా, పెద్ద మనిషి కీలులా ఉంది. మణికట్టు దగ్గర సందు ఉండిందన్న చిన్న చార మాత్రం మిగిలింది. ఆ ఎముకలకు పదిహేడు దగ్గర దగ్గర ఉంటాయి. పన్నెండు ఎట్లా లెక్కవేసినా రాదు.

నాకు ఏం తోచాలి? ఈ పిల్ల వేరే ఎవరైనా కాదు గదా అన్న అనుమానం రావాలి. నాకు వచ్చింది కోపం. శంకరయ్య నన్ను వాడుకున్నాడు, బావతో ఏదో పాత కక్ష ఉండి నా నోటిని, నా చదువును ఎత్తుకుపోయాడు అనుకున్నాను. డాక్టరు ఫిల్ములు చూసి, "నీ అభిప్రాయం?" అన్నాడు. "పదహారు దాటింది సార్, పద్దెనిమిది లోపు" అన్నాను. ఆయన అదే రాశాడు.

మర్నాడు శంకరయ్య పరుగెత్తుకొచ్చాడు. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"ఏం రాసిన్రు సార్ గది? పదారు దాటిందా?"

"ఎముకల్లో ఉన్నది రాశాం."

"ఆ పోరి నా కండ్ల ముందల పుట్టింది. పోయిన దసరాకు లంగా జాకెటు నేనే కుట్టిన. కొలత నాకు తెల్వదా? ఛాతీల గుడ్డ మిగిలింది సార్, ముందుకు పెరుగుతదని లోపల మడత పెట్టి కుట్టిన."

"టేపుతో కొలిచేది గుడ్డను శంకరయ్యా. వయసును కాదు."

 అతను గొంతు తగ్గించి అడిగాడు. "మీరు పిల్ల మొకం జూసిన్రా?"

"నేను ముఖాలు చూడను. ఎముకలు చూస్తాను."

"పోరికి ఒక అక్క ఉన్నది సార్. నర్సమ్మ. మీరు ఒక్కపారి జనవాడకు రండి. నేను తీస్కపోత. మీరే పోరిని పక్కకు పిలిచి జూడండి."

"పచ్చబొట్టు చూసే తీశాం. కోర్టు రాసిన గుర్తు అది. నువ్వు ఓడిపోయావు కాబట్టి ఇప్పుడు యంత్రాన్ని అనుమానిస్తున్నావు. ఆ జ్యోతిష్కుడికీ నీకూ తేడా ఏముంది?"

 శంకరయ్య మెడలోని టేపు తీసి చుట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాదంలో నెగ్గానని ఆ పూట కూడా అనుకున్నాను. కోర్టు పెళ్ళిని ఆపిన ఉత్తర్వు ఎత్తేసింది. వారం తిరక్కుండా జనవాడలో లగ్గం అయిపోయింది. నా చొక్కాలు వేరే దర్జీ దగ్గర కుట్టించుకున్నాను.

తర్వాత రెండో ఎండాకాలం. ఒక మధ్యాహ్నం కాన్పుల వార్డు నుంచి చీటీ వచ్చింది. రెండు రోజులుగా నొప్పులు పడుతున్న మనిషి, బిడ్డ తల కిందికి దిగడం లేదు, కటి ఎక్స్‌రే కావాలి. బిడ్డ బయటికి వచ్చే దారి చుట్టూ ఉండే ఎముకల వలయాన్ని కటి అంటాం, ఇంగ్లీషులో పెల్విస్. ఆ వలయం ఇరుకుగా ఉందా, తల పట్టదా అని చూడడానికి ఫిల్ము తీస్తారు. చీటీ మీద పేరు మాణెమ్మ. ఊరు ఖటక్ చించోళి దగ్గర పల్లె. వయసు ఇరవై అని రాశారు.

ఆ పేరు చూసి నాకు ఏదీ గుర్తు రాలేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఆ చుట్టుపక్కల మాణెమ్మలు తక్కువేం కాదు. ఎప్పట్లాగే తెర వెనక నిలబడి మీట నొక్కాను. డార్క్‌రూమ్‌లోకి వెళ్ళాను.

ముందు బిడ్డ తల తేలింది, తల్లి కటి అంచు మీద ఆగి. తర్వాత తల్లి తొడ ఎముకలు. తొడ ఎముక పైకొన బంతిలా గుండ్రంగా ఉండి తుంటి గిన్నెలో తిరుగుతుంది. ఆ బంతి కింద, రెండు వైపులా, నల్లటి సందు. తుంటి పైఅంచున అప్పుడే పొడసూపుతున్న ఎముక చార. నేను చూస్తున్నది ఇరవై ఏళ్ళ మనిషి తుంటి కాదు. ఇంకా పెరుగుతున్న పిల్ల తుంటి. ఆ తుంటి మీద నెలలు నిండిన బిడ్డ.

తడి ఫిల్ము చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను. మొదటిసారి నా పద్ధతి నేనే తప్పాను. బల్ల దగ్గరికి వెళ్ళి ముఖం చూశాను. కొంగు ఎప్పుడో జారిపోయింది. పెదాలు ఎండిపోయి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి, పద్నాలుగేళ్ళు కూడా నిండని ముఖం. బల్ల అంచు పట్టుకున్న కుడి ముంజేతి మీద తోక పైకెత్తిన తేలు.

"నీది జనవాడేనా?" అని అడిగాను.

ఆమె తల ఊపింది. "సార్, మా మామకు కబురంపుండ్రి. దర్జీ శంకరయ్య" అంది.

ఆపరేషన్ చేశారు. బిడ్డ అప్పటికే చనిపోయింది. మాణెమ్మ బతికింది. ఎనిమిదో రోజు ఆమెను అడిగి, ఆమె ఒప్పుకున్నాక, మోచేయి, మణికట్టు ఫిల్ములు మళ్ళీ తీశాను. పాతవాటిని బీరువాలోంచి వెతికి తెచ్చి కిటికీకి పక్కపక్కన అంటించాను. రెండు జతల మీదా ఒకే పేరు. పాత మణికట్టు దాదాపు అతికిపోయి ఉంది. కొత్త మణికట్టులో నల్లటి సందు స్పష్టంగా ఉంది. అతికిన ఎముక మళ్ళీ విడిపోదు. ఏ మనిషీ ఏడాదిన్నర తర్వాత నాలుగేళ్ళు చిన్నది కాదు. పాత ఫిల్ములు ఇంకొకరివి.

బాలమ్మను పిలిచాను. ఆమె కిటికీ వైపు చూడనేలేదు.

"నాకు గా దినమే తెలుసు సారూ. వచ్చినామె పాలిచ్చే తల్లి. రైక ముందల తడిసింది. పన్నెండేండ్ల పోరికి పాలెట్ల వస్తయి?"

"మరి చెప్పలేదేం?"

"చెప్పనీకె వస్తి గద. చెయ్యి సరిజెయ్యమంటిరి. ఇంగ నేనేమని చెప్పాలె? మీరు మిషినుతోని మాట్లాడుతరు, మాతోని పని చెప్తరు."

ఇరవై ఏళ్ళలో ఏ పై అధికారీ నన్ను అంత సూటిగా అనలేదు.

నాగప్ప కూతుర్ని చూడడానికి వార్డుకు వచ్చినప్పుడు నిలదీశాను. నర్సమ్మను తెచ్చానని అతను దాచలేదు కూడా. "నా బిడ్డలిద్దరికి ఒక్క దినమే, ఒక్కామెనే పొడిచింది. వాళ్ళమ్మకు గూడ గదే తేలు. మీరు పచ్చబొట్టు అడిగిన్రు, పచ్చబొట్టు జూపెట్టిన. ఏ బిడ్డదని మీరడిగిన్రా?" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే నాకు న్యాయం చెబుతున్నట్టు. పచ్చబొట్లు పొడిచే ఆమె ఊరికి వస్తే ఇంట్లో ఆడవాళ్ళందరినీ వరసగా కూర్చోబెట్టి ఒకే బొమ్మ పొడిపించుకోవడం ఈ ప్రాంతంలో ప్రతి ఇంటి ఆచారం. దాన్ని ఒక మనిషి గుర్తుగా కోర్టు గుమాస్తా రాశాడు. నేను సంతకం పెట్టాను. పుట్టుకతో ఇక్కడివాణ్ణి. మా అమ్మకూ మా పిన్నికీ చేతుల మీద ఒకే పువ్వు ఉంది.

డాక్టరుకు ఫిల్ములు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నువ్వు గుర్తు సరిచూశానన్నావు, నేను వయసు రాశాను. ఇప్పుడేం చేయమంటావు?" అన్నాడు. నేనే కోర్టుకు రాశాను. జరిగిన మోసం, నా నిర్లక్ష్యం, రెండూ రాశాను. జవాబు వచ్చింది. బాల్యవివాహం మీద నేరం విచారణకు తీసుకోవాలంటే పెళ్ళయిన ఏడాది లోపల ఫిర్యాదు రావాలి. ఏడాది దాటింది. నాకు మాత్రం పై నుంచి మెమో వచ్చింది, గుర్తింపు విషయంలో అజాగ్రత్త అని. దానికి నేను ఎదురు రాయలేదు. ఈ మొత్తం వ్యవహారంలో సర్కారు పంపిన ఒకే ఒక నిజమైన కాగితం అది.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదేమో.

నెల తర్వాత మాణెమ్మ అత్తవారి తరఫున ఒక పెద్దాయన నా గదికి వచ్చాడు. భర్తకు పెదనాన్న వరస. తెల్ల ధోతి, నెమ్మది మాట.

"నమస్కారం సార్. మా కోడలు ఫోటు మీ తాన ఉన్నదట. నడుము ఫోటు. జెర గది కావాలె."

"ఎందుకు?"

"పంచాయితీల పెట్టాలె. ఇరుకు నడుమని దవాఖానల రాసిచ్చిన్రు. బిడ్డను కననీకె పనికిరాదని పదిమందికి తెలిస్తే, పోరగానికి వేరే సంబంధం జూస్కుంటం. ఆయనకు గూడ వంశం నిలవాలె గద."

పోరగాడికి నలభై దాటాయి. మొదటి భార్య కన్న ఇద్దరు కొడుకులు ఉన్నారు. భార్య బతికుండగా ఇంకో పెళ్ళి చట్టం ఒప్పుకోదని చెప్పాను. చట్టం ఖటక్ చించోళి బస్సు ఎక్కదని ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఫిల్ము ఇవ్వనన్నాను. చీటీ ఉంది కదా, అదే చాలన్నాడు.

పంచాయితీకి నేను వెళ్ళాను. అంతకుముందు రోజు శంకరయ్య దుకాణానికి పోయి, గుమ్మంలో నిలబడి, "తప్పు నాది. నాతో వస్తావా?" అన్నాను. అతను కూర్చోమని అనలేదు. కుట్టుమిషను ఆపి, చొక్కా తొడుక్కుని, "పొద్దుగాల బస్సుకు పోదాం" అన్నాడు. అంతే.

ఒక ఇంటి వాకిట్లో ఇరవై మంది కూర్చున్నారు. మాణెమ్మ గోడ పక్కన శంకరయ్య వెనక కూర్చుంది. నేను వాదంలో ఆరితేరినవాణ్ణి. పండితులను చెప్పులు వెతుక్కునేలా చేసినవాణ్ణి. ఫిల్ము ఎత్తి చూపించి, తడబడకుండా, నా జీవితంలోకెల్లా బాగా మాట్లాడాను. "ఈ కటి పుట్టుకతో ఇరుకైనది కాదు, ఇంకా పెరుగుతున్నది. ఇదిగో, ఎముక అతకని చోటు. ఎత్తు పెరగడం ఆగాక కూడా కటి వెడల్పు పెరుగుతుంది. మూడు నాలుగేళ్ళు ఆగితే ఈ పిల్ల అందరి ఆడవాళ్ళ లాంటిదే. పనికిరానిది ఈమె కాదు, మీరు చేసిన తొందర" అన్నాను.

ఆ పెద్దాయన అంతా విన్నాడు. తర్వాత చేతులు జోడించాడు.

"సార్, మీరు చదువుకున్నోళ్ళు. ఒక్కటి జెప్పండి. లగ్గానికి ముందు ఇదే మిషిను, ఇదే మీరు, పిల్ల పెద్దదన్నరు. గది నమ్మి చేస్కున్నం. ఇప్పుడు పిల్ల చిన్నదంటున్రు. అప్పటి ఫోటు నమ్మాల్నా, ఇప్పటిది నమ్మాల్నా?"

వాకిట్లో నవ్వులు లేచాయి. ఆయన అన్నీ తెలిసే అడిగాడు. నర్సమ్మ వచ్చిన సంగతి ఆ వాకిట్లో తెలియనివాళ్ళు బహుశా ఎవరూ లేరు. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. చెప్పాను. "అప్పుడు నేను ముఖం చూడకుండా సంతకం పెట్టాను." ఇంకా గట్టిగా నవ్వారు. మొకం చూడని డాక్టరు అని ఎవరో వెనక నుంచి అన్నారు. పంచాయితీ పది నిమిషాల్లో అయిపోయింది. మాణెమ్మను మేనమామ ఇంటికి పంపాలని, ఇటువైపు వేరే సంబంధం చూసుకోవచ్చని తేల్చారు. నిజమైన ఫిల్ము నా చేతిలో ఉంది. దాన్ని చంపింది నా పాత సంతకం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేము ముగ్గురం ఒకే సీటు మీద కూర్చున్నాం. మాణెమ్మ కిటికీ పక్కన. శంకరయ్య నిద్రపోయాడు, లేదా పోయినట్టు కళ్ళు మూసుకున్నాడు. నేను ఆ పిల్లతో ఏదో ఒకటి అనాలి. క్షమించమనడం నాకు చేతకాలేదు. అది నా భారాన్ని ఆమె నెత్తిన పెట్టడమే అనిపించింది. "ఆ రోజు నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగాను. "మీ అక్కను ఆసుపత్రికి తెచ్చిన రోజు."

"ఇంట్లనే ఉన్న సార్. అక్క బిడ్డను నాకిచ్చి పోయిన్రు. వాడు పాలకు ఒకటే ఏడ్సుడు. తొట్లెల ఏసి ఊపిన, చంకన ఏస్కొని తిరిగిన." ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెబుతోంది. "మామ కోర్టుకు పోయిండని ఎరికే. ఎవరన్న సర్కారోళ్ళు వచ్చి నన్ను అడుగుతరేమో అనుకొని, పొద్దుమీకిందాక బిడ్డనెత్తుకొని వాకిట్లనే నిలబడ్డ."

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆ పని చేశాను. వయసు తేల్చమని వచ్చిన ప్రతి పిల్ల ముఖం చూశాను, పేరు ఆమె నోటితోనే చెప్పించుకున్నాను, మీట నొక్కే ముందు బాలమ్మను అడిగాను, ఆమె తర్వాత వచ్చిన ఆయాలను అడిగాను. దర్జీకి తెలిసిన కొలత, ఆయా కంటబడిన తడి రైక కూడా సాక్ష్యాలేనని, బుద్ధి అన్నది యంత్రం ఉన్నవాడి ఒక్కడి సొత్తు కాదని ఒప్పుకోవడానికి నాకు ఒక పిల్ల బతుకు ఖర్చయింది. మాణెమ్మకు మళ్ళీ పెళ్ళి కాలేదు. మామ దుకాణంలో కాజాలు కుట్టడం నేర్చుకుంది. సంఘంలో తర్వాత కూడా మాట్లాడాను, కాని ఎముక అబద్ధం ఆడదన్న మాట మళ్ళీ అనలేదు. అనే హక్కు నాకు లేదు. అడిగేవాడు అడగకపోతే ఎముక ఏ మాటా ఆడదు.

బీదర్ నుంచి జనవాడ బస్సులో అరగంట. ఆమె వాకిట్లో నిలబడ్డ ఆ రోజు మధ్యాహ్నం నుంచి నాకు పని లేదు.